పక్కన పడని ముక్క

వెల్డా చేతులు ఊరుకోవు. పేకముక్కలు పంచే మేము బల్ల దగ్గర నుంచి లేచేటప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టి, అరచేతులు తిరగేసి చూపించాలి, ఏమీ దాచుకోలేదని. మేమంతా కాసినోలో చేసి ఊరుకుంటాం. వెల్డా ఇంట్లో పాన్‌కేకులు వడ్డించాక కూడా చేస్తుంది. "నీ పాన్‌కేకులు నువ్వే ఎందుకు కొట్టేస్తావే తల్లీ, కూర్చో!" అని ఎంత మొత్తుకున్నా వినదు.

ఆమెకు పంచడం నేర్పింది ఆర్లిస్ ప్యాడ్జెట్. టెక్సాస్‌లో ఆమె కాఫీలు అందించిన హోటల్ వెనక గదిలో పేకాడేవాడు. బల్ల మధ్యలో ముక్క తెరిచే ముందు, కట్టలో పై ముక్కను ఎవరూ చూడకుండా పక్కన పడేయాలన్నది ఆయన మొదటి పాఠం. దాని వీపు మీద ఎవడైనా గోటితో గీత పెట్టి ఉంటే వాడి ఎత్తు అక్కడే చిత్తవుతుంది. "మీ అమ్మను నమ్ము పిల్లా, పై ముక్కను మాత్రం నమ్మకు" అనేవాడు.

ఏటా మే నెలలో మా కాసినో ఉన్న ఫ్రీమాంట్ వీధిలో పోకర్ పోటీ. మొదటి ఏడు ఆడింది గుప్పెడు మంది. విజేత ఎవరో ఓట్లేసి తేల్చమంటే ఎవరికి వాళ్లే వేసుకున్నారని ఇప్పటికీ నవ్వుకుంటాం. "నేనూ నాకే వేసుకున్నా. అబద్ధమాడమంటావా?" అంటాడు ఆర్లిస్. తర్వాత ఆఖరి పందెం బిళ్ల పోయేదాకా ఆడాలన్నారు, గెలిచినవాడికి బంగారు కంకణమన్నారు. జనం పెరిగారు, కెమెరాలొచ్చాయి, కుర్రాళ్లొచ్చారు. ఆర్లిస్ ఒక్కసారీ గెలవలేదు.

కళ్లకు పొర కమ్ముతున్న ఏడు ఆయన చివరి ఇద్దరిలో మిగిలాడు. ఎదుట న్యూయార్క్ కుర్రాడు. పంచేది వెల్డా. ఆయన గెలవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.

ఇద్దరూ బిళ్లలన్నీ ముందుకు తోసి ముక్కలు తెరిచారు. కుర్రాడిదే పైచేయి. బల్ల మధ్యలో తెరవాల్సింది ఇక ఒక్క ముక్క. అది రాణి అయితేనే ఆర్లిస్ గెలుస్తాడు.

వెల్డా తెరిచింది. రాణి!

జనం గోల. ఆర్లిస్ టోపీ తీశాడు. వెల్డా మొహం పాలిపోయింది.

"ఆగండి! పై ముక్క పక్కన పెట్టలేదు నేను."

మా మేనేజర్ డ్వేన్ వచ్చాడు. మధ్యలో మూడుసార్లు తెరిచారు కాబట్టి పక్కన మూడు ముక్కలుండాలి, రెండే ఉన్నాయి. రాణి పక్కకు పోయింది. తర్వాతి ముక్క నాలుగు. బంగారు కంకణం కుర్రాడి చేతికెళ్లింది. ఆర్లిస్ టోపీ పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఏడాదంతా ఫోన్ మోగితే చాలు, వెల్డా ఉలిక్కిపడేది. ఆయన చేయలేదు. "ముసలాడికి అంత పొగరేంటి?" అన్నాను ఒళ్లు మండి. "ఆయన్నేమీ అనకు" అని నా మీదే లేచింది. ఆ రోజు నోరు విప్పకుంటే పోయేదేముందని ఆమెను అడగాలనిపించేది.

మళ్లీ మే వచ్చింది. దళసరి కళ్లద్దాలతో ఆర్లిస్ కూడా వచ్చాడు. ఎవరు ఏ బల్లకో చీట్లు తీస్తే ఆయనకు వెల్డా బల్లే తగిలింది. ఆమె తలెత్తలేదు. ప్రతిసారీ పై ముక్కను పక్కన పెట్టి, పెట్టానా లేదా అని మళ్లీ చూసుకుంటోంది. కొత్తగా వచ్చినవాడొకడు విసుక్కున్నాడు.

"ఏంటండీ ఈ నత్తనడక? ఇంకో డీలర్ లేరా?"

"నోరు మూసుకుని ఆడు బాబూ," అన్నాడు ఆర్లిస్. "పోయినేడు కంకణం నా చేతిదాకా వచ్చింది. వెనక్కి లాక్కున్నది ఈ పిల్లే. ఈమె పంచితే ఓడినవాడు ఓడినట్టు, గెలిచినవాడు గెలిచినట్టు. నీకిష్టం లేకపోతే నువ్వు లే."

వెల్డా ఆ ఆట పంచి ముగించింది. వంతు అయిపోయి లేచి వస్తుంటే వెనక నుంచి డ్వేన్ కేకేశాడు, చప్పట్లు కొట్టలేదని. అప్పటికి ఆమె రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి.