ఒక్క పూట స్వస్థత

కొవ్వూరు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. దిగులు జబ్బు పట్టుకుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడ్డాను. మా చర్చిలో ఒక పెద్దావిడ ఉంది. జలుబు నుంచి కోర్టు కేసు దాకా ఆవిడ దగ్గర ఒకటే మందు. "ఆల్‌నైట్ ప్రేయర్‌కి కూర్చోండమ్మా, అన్నీ పోతాయి" అంది.

కూర్చున్నాను. తెల్లారి బయటికొచ్చేసరికి నిజంగానే గుండెల మీద బరువు లేదు. నెలల తరబడి మసకగా కనిపించిన గోదావరి తళతళలాడుతోంది. ఆ వెలుతురుకు కళ్లు తెరవలేక, చేయి అడ్డం పెట్టుకుని నవ్వాను. పెద్దావిడ నన్ను లోపలికి లాక్కెళ్లి మైకు చేతిలో పెట్టింది. "నాకు పూర్తిగా తగ్గిపోయింది" అని అందరి ముందూ సాక్ష్యం చెప్పేశాను. ఒక్కసారి చేసిన ప్రయోగాన్ని నమ్మితే పిల్లల్ని తిట్టే పంతులమ్మను నేను!

మధ్యాహ్నం తిని పడుకున్నాను. సాయంత్రం లేచేసరికి బరువు మళ్లీ వచ్చి కూర్చుంది, వెలుతురూ మసకబారింది. పెద్దావిడకు చెబితే, "మీకు విశ్వాసం చాల్లేదమ్మా. ఎవరితోనూ అనకండి" అంది. ఎంత సులువో! తగ్గితే ఆవిడ గొప్ప, తగ్గకపోతే నా తప్పు. ఆవిణ్ణి అసహ్యించుకుంటూనే నోరు మూసుకున్నాను. ఆదివారాలు నాకు ముందు వరుసలో కుర్చీ వేస్తున్నారు మరి.

ఆఖరికి రాజమండ్రిలో డాక్టరుగారికి చూపించుకున్నాను. "ఒక రాత్రి నిద్ర మానేస్తే కొందరికి దిగులు తేలికపడుతుందండి. కళ్లకి వెలుతురు తేడాగా తగలడమూ ఉంటుంది. పడుకుని లేస్తే చాలామందికి మళ్లీ మామూలే" అన్నారు. మాత్రలు రాశారు. ఆ సంగతీ చర్చిలో ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగాక జాకెట్టు కోసం మా చర్చికే వచ్చే టైలరమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడదీ నా జబ్బే, ఏళ్లుగా మాత్రలు వాడుతోంది. కళ్లు లోతుకుపోయి, మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది.

"మీ సాక్ష్యం విని మాత్రలు మానేశానండి. మూడు ఆల్‌నైట్‌లు కూర్చున్నాను. మీకు తగ్గినట్టు నాకు తగ్గట్లేదేంటండి, మేడంగారూ?"

"నాకూ తగ్గలేదు. లేవండి, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"తగ్గలేదని మీకెప్పుడు తెలిసిందండి?"

"ఆ సాయంత్రమే."

ఆవిడ సగం కుట్టిన జాకెట్టు మడిచి నా చేతిలో పెట్టి, చెప్పులేసుకుంది. ఆస్పత్రి దాకా ఆటోలో నా పక్కనే కూర్చుంది గానీ, నా మొహం చూడలేదు.