టీకి డబ్బులివ్వని విలేకరి

రేపల్లెలో పన్నెండేళ్లు విలేకరిగా చేసిన జోజయ్యకు, ఆ ఉద్యోగంలో నెలనెలా జీతం కూడా ఉంటుందన్న సంగతి ఆస్ట్రేలియాలోని టూవూంబా వచ్చాకే తెలిసింది. రేపల్లెలో ఆయన అచ్చయిన తన వార్తలను కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, స్కేలుతో కొలిచి ఆఫీసుకు పంపేవాడు. కొలతకు తగ్గ డబ్బు వచ్చేది. మంచి నెలలో, అంటే దొంగతనాలూ యాక్సిడెంట్లూ బాగా జరిగిన నెలలో, నాలుగు వేలు.

భార్య విక్టోరియాకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడంతో కుటుంబమంతా వచ్చేసింది. జోజయ్య ఆసుపత్రి లాండ్రీలో చేరాడు. కూతురు హెలెనా యూనివర్సిటీలో జర్నలిజం చదివి, ఊళ్లోని చిన్న పేపర్లో చేరింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది.

ఆమెకు మొదటి జీతం పడగానే జోజయ్య దాన్ని రూపాయల్లోకి మార్చి చూశాడు. పదిహేను రోజులకు లక్ష దాటింది!

"ప్రభువా! రాసేది అవే వార్తలు కదే!"

"రూపీస్‌లోకి మార్చకు నాన్నా. రెంట్, కారు, ఇన్సూరెన్స్ పోతే మిగిలేది నథింగ్. ఇక్కడ హెయిర్‌కట్టే ఫార్టీ డాలర్స్."

జోజయ్యకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "అట్లయితే నేనే గొప్పోణ్ణి. టీకి, టిఫినుకి, కటింగుకి నా జేబులోంచి రూపాయి తీసింది లేదు. ప్రెస్సోళ్ల దగ్గర డబ్బులెవరు తీసుకుంటారే?"

హెలెనా నవ్వి ఊరుకుంది. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ శనివారం ఇద్దరూ ఒక కేఫ్‌కి వెళ్లారు. దాని గురించి ఆమె వారం క్రితమే పేపర్లో రాసింది. ఆమె కూర్చోవడానికి చోటు వెతుకుతుంటే, జోజయ్య నేరుగా కౌంటర్ దగ్గరికెళ్లి, మీ గురించి రాసింది మా అమ్మాయే, ప్రెస్సు, అని ఓనరుకు గొప్పగా చెప్పి నిలబడ్డాడు. పర్సు తీయలేదు. ఓనరు కాసేపు తెల్లమొహం వేసి, చివరకు రెండు కాఫీలు ఊరికే ఇచ్చేశాడు.

సంగతి వినగానే హెలెనా మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎవరి గురించి రాశారో వాళ్ల దగ్గర ఏదీ ఊరికే తీసుకోకూడదని ఆ పేపర్లో రూలు, తప్పితే ఉద్యోగమే పోవచ్చు. పరుగున వెళ్లి డబ్బు కట్టింది. అక్కడే నిలబడి ఎడిటర్‌కు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పింది. జోజయ్య నోరెళ్లబెట్టి చూశాడు. రెండు కాఫీలకు ఉద్యోగం పోతుందా? ఇదెక్కడి విడ్డూరం!

పోలేదు. ఆ కేఫ్ గురించి ఇకమీదట నువ్వు రాయొద్దని మాత్రం చెప్పాడు ఎడిటర్.

కారెక్కాక హెలెనా అడిగింది. "నాన్నా, రేపల్లెలో నీకు ఊరికే టీ ఇచ్చిందెవరు?"

"బస్టాండు దగ్గర భీమయ్య. మొదట్లో డబ్బులు తీసుకునేవాడు. తర్వాత నా మీద గౌరవంతో మానేశాడు."

"ఎప్పుడు మానేశాడు?"

"అదేనమ్మా... మురిక్కాలవ మీద బడ్డీ పెట్టాడు. దాని గురించి..." జోజయ్య ఆగిపోయాడు.

"రాశావా?"

"రాయలేదు. రాస్తానన్నానంతే."

ఆ మాట తన చెవిన పడేసరికి జోజయ్యకు సంగతి అర్థమైంది. అన్నేళ్లూ భీమయ్య భయపడుతూనే టీ పోశాడు.