ఎత్తిన రాయి

మా జువాలజీ మేడమ్ ఏ రాయి ఎత్తినా, తిరిగి అదే గుంతలో ఉన్నది ఉన్నట్టు పెట్టేవారు. "దాని ఇల్లు గదా" అనేవారు. రాళ్ళ కింద దాక్కునే ఒంటె సాలీళ్ళలో ఏ రకం ఏ గుట్టలో ఉందో చూడాలని ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా మమ్మల్ని తిప్పారు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికల ముందు, ఒక ఊరి పొలిమేరలో మేడమ్ ఎత్తిన రాయి కింద రంపపు పొట్టులో నాటుబాంబులు కనిపించాయి. వెనకే వేటకొడవలితో ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏం జూసినావమ్మా?"

మేడమ్ ఆ రాయిని కూడా ఎప్పటిలాగే నెమ్మదిగా దించారు.

"నేనెతుకుతాండేది సాలీడప్పా. దీని కింద లేదు." అంతకుముందు పట్టిన సాలీడున్న సీసా చూపించారు.

ఆయన లోపలికి తొంగిచూశాడు. "ఇది కరిస్తే సస్తారా?"

"దీనికి విషమే లేదప్పా."

"అట్లయితే మా ఊర్లో విషం లేంది ఇదొక్కటేనమ్మా" అని నవ్వాడు. "ఆ ఎర్రగుట్టకు పోండి. ఆడ శానా ఉంటాయి."

ఈరోజు నా బిడ్డ ఉయ్యాల కింద ఒంటె సాలీడు పరుగెత్తింది. చీపురు ఎత్తాను. నాటుబాంబుల మీద రాయిని నెమ్మదిగా దించిన మేడమ్ చేతులు గుర్తొచ్చాయి. గ్లాసు బోర్లించి పట్టి, గోడ అవతల రాళ్ళలో వదిలేశాను.

వదిలేటప్పుడు కదిలిన రాయిని తిరిగి అదే గుంతలో పెట్టాను.