తాళం వేసిన తలుపు

ఈరోజు మళ్ళీ అదే కథ చెప్పాను. ఆరేళ్ళుగా మోస్తున్న బరువు అది. నిజానికి బరువు అనిపించిన రోజులు కొన్నే. మిగతా రోజుల్లో అది నాకు పనికొచ్చింది. మీకు ఇది రాస్తున్నది ఆ మిగతా రోజుల గురించే.

మలక్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో యువ న్యాయవాదుల సమావేశం. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. ఒకతను లేచి, ప్రాక్టీసు పెంచుకోవాల్సిన వయసులో పార్టీలోకి ఎందుకు వచ్చారని అడిగాడు. ఎప్పటిలాగే గొంతు తగ్గించాను. ఉప్పుగూడలో మా గల్లీలో బాలయ్య అనే పెద్దాయన ఉన్నాడని, బర్రెలు పెట్టుకుని పాలు పోసి బతుకుతాడని, ప్రతి ఎన్నికకూ అందరికంటే ముందు వరుసలో నిలబడే ఆ మనిషి పేరు ఒకసారి ఓటర్ల జాబితాలో లేకుండా పోయిందని, ఆయన కార్డు పట్టుకుని బూత్ బయట దిక్కులు చూసిన రోజే నేను రాజకీయాల్లోకి రావాలనుకున్నానని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

చివరి మాట తప్ప అన్నీ నిజాలే. చెప్పనిది ఒకటి ఉంది. ఆ పేరు తీయించింది నేను.

ఆ రోజుకే నేను పార్టీ మనిషిని. ఎందుకయ్యాను? కోర్టులో చేరి రెండేళ్ళయినా కేసుల్లేవు. ఒకసారి మా చిన్నాన్న కొడుకును బండి గొడవలో పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోతే, నల్లకోటు వేసుకుని మరీ వెళ్ళాను. మూడు గంటలు గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు. అప్పుడు మా ఏరియా నాయకుడు వచ్చాడు. ఆయన గుమ్మం దాటకముందే ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, వెనకే చాయ్ వచ్చింది. ఆ చాయ్ అయిపోయేలోపు మా తమ్ముడు బయటికొచ్చాడు. ఆయన మీద కృతజ్ఞత కలగాలి కదా? నాకు కలిగింది ఆ కుర్చీ మీద ఆశ. నేను పార్టీలో చేరడానికి ఇంతకన్నా గొప్ప కారణం ఉందేమోనని చాలాసార్లు వెతికాను. లేదు.

నెల తిరక్కుండానే ఆయన ఒక పని అప్పగించాడు. ఓటర్ల జాబితా సవరిస్తున్న రోజులవి. ఇల్లు వదిలిపోయినవాళ్ళ పేర్లు తీసేయమని ఎవరైనా ఫారం నింపి ఇవ్వొచ్చు. తర్వాత ఒకరు వచ్చి విచారించి వెళ్తారు. మా గల్లీ కాగితాలు నా చేతిలో పెట్టి ఆయన అన్నాడు:

"వకీల్ సాబ్, మనకు ఓటెయ్యనోళ్ళు ఎవరో నీకెర్కనే. పగటిపూట తిరుగు. తాళం కనబడితే ఇల్లు ఖాళీ అని రాసెయ్."

"సాయంత్రం మళ్ళొస్తరు గదన్నా?"

"సాయంత్రం నిన్ను తిరగమన్ననా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

బాలయ్య కాకా ఇంటికి పగలు తాళమే ఉంటుంది. భార్య పోయింది, కూతురు అత్తారింట్లో ఉంటుంది, ఒక్కడే మనిషి. పొద్దున పాలు పోసి, దాణా కోసం ఉస్మాన్‌గంజ్ పోయాడంటే ఎండ దిగాకే వస్తాడు. ఆయన పోసిన పాలు తాగి పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? వెనక దొడ్లో బర్రెలు అరుస్తూనే ఉన్నాయి. ఆ అరుపు వింటూ, ఆ తాళం ముందు నిలబడి, 'శాశ్వతంగా వెళ్ళిపోయారు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన చేసిన తప్పల్లా, గల్లీకి నల్లా నీళ్ళు తెప్పించిన అవతలి పార్టీవాడికే తన ఓటని చాయ్ హోటల్లో అందరిముందూ అనడం.

విచారణకు వచ్చిన టీచరమ్మ నేను పక్కనే కనిపిస్తే నన్నే అడిగింది. ఇక్కడెవరూ ఉండటం లేదని చెప్పాను. నల్లకోటును చూసి నమ్మింది. అలా మొత్తం పదకొండు పేర్లు.

పోలింగ్ రోజు కాకా ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. లోపలికి వెళ్ళి, వెంటనే బయటికి వచ్చి, నేరుగా నా దగ్గరికే నడిచాడు.

"పేరు లేదంటున్నరు బిడ్డా. నా బర్రెలకు గూడ చెవులకు నంబర్లున్నయ్. నాకే లేదా?"

"పైన ఎక్కడ్నో తప్పు పడ్డది కాకా. నేను జూస్తా."

"నువ్వున్నవ్ గద. ఇంక నాకేం ఫికర్!"

వారం తిరిగేసరికి రెండు ఫోటోలు, కార్డు నకలు తెచ్చి ఇచ్చాడు. పేరు మళ్ళీ ఎక్కించడానికి ఫారం నింపడం నాకు అరగంట పని. ఎందుకు చేయలేదు? మొదట భయం. పాత కాగితం మీద నా సంతకం ఎక్కడ బయటపడుతుందోనని. తర్వాత ఆ కథ మీటింగుల్లో పనిచేయడం మొదలైంది, దానితో నాకు పేరొచ్చింది, వేదిక మీద కుర్చీ వచ్చింది. కాకా పేరు తిరిగొస్తే కథ అక్కడితో అయిపోతుంది కదా. నాలో నేను కూడా ఇంత సూటిగా ఎప్పుడూ అనుకోలేదు. ఆయన అడిగినప్పుడల్లా ఫైలు నడుస్తోందన్నాను. ఆ తర్వాతి ఎన్నికలోనూ ఆయన ఓటు వేయలేదు.

ఈరోజు సమావేశం అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, గుర్తుపట్టలేదా? బాలయ్య మనుమరాలిని, స్వప్నను. తాత పేరు గింతమంది ముందట చెప్పిన్రు! నా ఓటు కోసం కొట్లాడేటోడు ఆ ఒక్కడే అని తాత ఎప్పుడూ అంటడు. మిమ్మల్ని జూసే నేను లా సీటు తీసుకున్న."

నేనేమన్నానో తెలుసా? తాతను అడిగినట్టు చెప్పమన్నాను. నవ్వి మరీ.

కారులో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేకపోయాను. తర్వాత ఆఫీసుకు వెళ్ళి, సొరుగులో అడుగున ఉన్న ఆ ఫోటోలు తీసుకుని ఉప్పుగూడ వెళ్ళాను. కాకా పాలు పితకబోతున్నాడు. నన్ను చూసి, భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి ముందుకు జరిపాడు. "కూసో బిడ్డా" అన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. టీచరమ్మతో అన్న మాటతో సహా.

కాకా చేతిలో ఖాళీ బకెట్ అలాగే ఉండిపోయింది.

"దొడ్లె బర్రెలు అరుస్తుండంగనే రాసినవా?"

"అవ్ కాకా."

ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి కుర్చీ సంగతి సిద్ధంగా పెట్టుకున్నాను. ఫోటోలు చాపితే తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇవి పనికిరావ్. గప్పుడు నాకు నోట్లె పండ్లున్నయ్" అన్నాడు. వాటిని నాకే తిరిగిచ్చి, "తక్కిన పదిమందికి చెప్పినవా?" అన్నాడు.

"లేదు."

"మరి నా కాడ ఏం నిలబడ్డవ్? మా పోరికి గూడ నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

బర్రె పక్కన కూర్చుని పితకడం మొదలుపెట్టాడు. ఇంక నావైపు తిరగలేదు. క్షమించాడని నేను అనుకోవడం లేదు. అడగనూ లేదు. కానీ ఆరేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఇప్పుడు ఆయన దగ్గర కూడా ఉంది. దీన్ని ఊరట అనొచ్చో లేదో నాకు తెలియదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడింది.

ఎన్నికల అధికారికి ఇవ్వాల్సిన కాగితం కారులోనే కూర్చుని రాశాను. పదకొండు పేర్లు, నేను చేసిన పని, కింద నా సంతకం. రేపు ఇస్తాను. స్వప్నకూ రేపే చెప్పాలి. దాని తర్వాత పార్టీలో నా కుర్చీ ఏమవుతుందో మీరు ఊహించగలరు. రాస్తుంటే ఒకటి తట్టింది. ఆ గల్లీ వదిలి శాశ్వతంగా వెళ్ళిపోయింది నేను. మలక్‌పేటకు మారి నాలుగేళ్ళు. నా ఓటు ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది.

కారు దిగి, పేర్లు మళ్ళీ ఎక్కించే ఖాళీ ఫారాలు తీసుకుని, ఆ పదిమందిలో ఒకరుండే పక్కింటికి వెళ్ళాను. దీపాలు పెట్టే వేళ. ఏ ఇంటికీ తాళం లేదు. తలుపు కొట్టాను.