బూ ముర్తి పదిలపరిచిన ఫ్లాపీ

ఇండోనేసియాలోని సలాతిగాలో ఏడాదికి ఆరు నెలలు వానే. పెళ్లి కాగితమైనా టీకా చీటీ అయినా లామినేషన్ చేయించకపోతే బూజు మేసేస్తుంది. పోయినవాళ్ల పాత గుర్తింపు కార్డులు కూడా ఆ ఊరి బీరువాల్లో ప్లాస్టిక్ తొడుక్కుని కొత్తగా మెరుస్తుంటాయి.

మగవాళ్లను పాక్ అనీ ఆడవాళ్లను బూ అనీ గౌరవంగా పిలిచే ఆ ఊళ్లో, పాక్ విరాత్మో వృత్తివిద్యా బడిలో భూగోళం మేష్టారు. నదులకు నీలిరంగు పూసి పూసి విసిగి, ఉచితంగా దొరికే లినక్స్ నేర్చుకుని, దొంగ విండోస్ పీకేసి బడి కంప్యూటరుకు దాన్ని ఎక్కించాడు. దాంతో బడిలో ఏసీ ఉన్న ఒకే ఒక్క గదైన కంప్యూటరు గది ఆయన వశమైంది. దాని మీద వ్యాయామం మేష్టారు పాక్ జుమాది రెండేళ్లుగా కన్నేసి ఉన్నాడు.

ఆ ఉదయం మార్కుల పట్టిక పన్నెండు లోపు జిల్లా కార్యాలయానికి చేరాలి. కంప్యూటరు తెర మీద రెండక్షరాలు పడి, ఆపైన ఉలుకూ పలుకూ లేదు. విరాత్మోకి వెంటనే అర్థమైంది. ముందురోజు లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మార్చింది తనే. మార్చాక కొట్టాల్సిన ఒక్క కమాండు మరిచిందీ తనే. ఇంకెవరికీ తెలియదు.

"పట్టిక రాకపోతే గది జుమాదికిచ్చేస్తా," అన్నాడు ప్రిన్సిపాల్. "బంతులైనా వేళకి గెంతుతాయి."

"మెషీను పడిపోతే లేపడానికి ఒక ఫ్లాపీ చేసిపెట్టాను పాక్. బూ ముర్తి దగ్గరుంది."

ఆఫీసు చూసే బూ ముర్తి బీరువాలోంచి దాన్ని తెచ్చింది. మందపాటి ప్లాస్టిక్ లోపల తళతళలాడుతోంది.

"బూ, దీన్నీ లామినేషన్ చేశారా?"

"ప్రాణంతో సమానం అన్నది మీరే కదా. లామినేషన్ మెషీన్లో దూరలేదు. ఇస్త్రీపెట్టెతో నేనే అద్దాను, సన్న సెగ మీద."

"ఇంక ఫ్రేము కట్టించడమే పాక్," అన్నాడు గుమ్మంలోంచి చూస్తున్న జుమాది.

విరాత్మో కత్తెరతో ప్లాస్టిక్ కోశాడు. ఫ్లాపీ పెంకు నూనెలో పడ్డ క్రుపుక్ అప్పడం‌లా వంకర తిరిగింది గానీ, లోపలి పల్చటి బిళ్ల చదునుగానే ఉంది. జుమాది చేతిలో ఉన్న వాలీబాల్ జాబితాల ఫ్లాపీని విరాత్మో అడక్కుండానే తీసుకుని, విప్పి, ఆ పెంకులో ఈ బిళ్లను పెట్టాడు.

"నా జట్లు!" అన్నాడు జుమాది.

డ్రైవు గరగరలాడింది. తెర నిండా అక్షరాలు. ఫ్లాపీ సాయంతో మెషీను లేచింది, మార్కులన్నీ భద్రంగా ఉన్నాయి. విరాత్మో వీపు అడ్డం పెట్టి, మరిచిన నాలుగక్షరాల కమాండు కొట్టాడు. ఫ్లాపీ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే, ఈసారి మెషీను తనంతట తనే లేచింది. పదకొండున్నరకు పట్టిక ప్రింటయింది.

"గది మీదే," అన్నాడు ప్రిన్సిపాల్. "కానీ జుమాదికీ పని నేర్పండి. ఒక్కరిమీదే ఆధారపడితే కష్టం."

జుమాది కుర్చీ లాక్కుని నోటుబుక్కు తెరిచాడు. "ముందు ఇది చెప్పండి పాక్. పొద్దున ఎందుకాగింది?"

విరాత్మో గొంతు సవరించుకుని, కంప్యూటరు పుట్టిన దేశం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.