మధ్యాహ్నం గ్రీజు

ఆత్మకూరులో మాది వేరుశనగపప్పు వేయించి అమ్మే వ్యాపారం. ఉదయగిరి, కలిగిరి అంగళ్లకు కూడా మా సరుకే పోతుంది. పొయ్యి మీద పెద్ద ఇనప డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. దాని ఇరుసు కూర్చుని తిరిగే ఇనప గొట్టం, అంటే బుష్, అప్పట్లో మంట పక్కనే ఉండేది. పొద్దున పెట్టిన గ్రీజు మధ్యాహ్నానికల్లా నూనెలా కారిపోయేది, డ్రమ్ము కీచుమని అరిచేది. అప్పుడు అమ్మ గిన్నెలో గ్రీజు తీసుకుపోయి, మంట పక్కగా చెయ్యి దూర్చి పెట్టేది. సరిగ్గా మేము అన్నం తినే వేళ. ఆమె కుడి ముంజేతి మీద పాత బొబ్బ మానేలోపే కొత్తది లేచేది. "మీ అమ్మకు అలవాటేలే" అనేవాడు నాయన. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో నెల్లూరు వెళ్లినప్పుడు, వేడికి కరగదని అంగడివాళ్లు చెబితే సిలికాన్ గ్రీజు డబ్బా ఒకటి తెచ్చాను.

"వేడికి కరగని జిడ్డు యాడన్నా ఉండాదా పాపా?" అని నాయన నవ్వాడు.

నాకు పంతం పట్టింది. దోసెల పెనం పొయ్యి మీద పెట్టి, ఒక పక్క మా గ్రీజు, ఇంకో పక్క ఆ తెల్ల గ్రీజు కాస్త కాస్త వేశాను. మాది కరిగి పారి పొగలు కక్కింది. తెల్లది వేసిన చోటే ముద్దగా ఉండిపోయింది. నాయన ఒప్పుకోక తప్పలేదు. పెనం పాడు చేశానని అమ్మ తిట్టిన తిట్లు మాత్రం వీధి చివరిదాకా వినపడ్డాయి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం గ్రీజు మానేశాం. అమ్మ మాతో పాటు కూర్చుని వేడివేడిగా తినేది. ముంజేతి బొబ్బలు ఆరిపోయాయి. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

కొన్నాళ్లకు డ్రమ్ము ఊగడం మొదలుపెట్టింది. మెకానిక్ విప్పి చూస్తే ఇరుసు ఒక పక్కగా అరిగిపోయి ఉంది. గ్రీజు మాత్రం కరగకుండా అక్కడే ఉంది.

"వేడికి ఇది బాగానే ఆగుతాదక్కా. ఇనుము మీద ఇనుము ఇంత బరువుతో రుద్దుకుంటా ఉంటే మాత్రం పనికిరాదు. రబ్బరుకో, తేలిక పనులకో అయితే సరే" అన్నాడతను.

కొత్త ఇరుసు వేయించి, మళ్లీ పాత గ్రీజుకే మళ్లాం. మర్నాడు మధ్యాహ్నం డ్రమ్ము మళ్లీ కీచుమంది. నాయన పాత గ్రీజు గిన్నె తెచ్చి అమ్మ పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మ కంచం ముందు నుంచి లేవలేదు. "పాత గ్రీజే పెట్టుకోండి. పెట్టే చెయ్యి మాత్రం ఇంక నాది గాదు" అని, పప్పన్నం కలుపుకుంది.

డ్రమ్ము అరుస్తూనే ఉంది. నాయన తనే గిన్నె తీసుకుని పోయాడు. మొదటి రోజే ముంజెయ్యి కాల్చుకుని కేకలు పెడుతూ వచ్చాడు. అమ్మ మందు రాసి కట్టు కట్టింది.

వారం తిరక్కుండా నాయన మెకానిక్‌ను పిలిపించి, ఇరుసు పొడుగు చేయించి, బుష్‌ను గోడ అవతలికి, సెగ తగలని చోటికి మార్పించాడు. ఇప్పుడు పాత గ్రీజే రోజంతా నిలుస్తోంది. సంతోషమే. కానీ అది ఒక్క పూటలో అయిపోయిన పని. ఇన్నేళ్లు అమ్మ చెయ్యి కాలుతుంటే ఈ ఉపాయం ఎందుకు తట్టలేదని నాయనను మొహం మీదే అడిగేశాను.

ఆయన తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు.