ముందు నా డబ్బా కాలాలె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా అమ్మ అంది, అత్తగారు అంది, పెళ్ళయిన నెల తిరక్కుండానే మా ఆయన భార్గవ్ కూడా అనేశాడు. అందరూ అన్నారు గానీ, దానివల్ల నేను నిజంగా సిగ్గుపడ్డ రోజు ఒక్కటే. అది చెప్పాలంటే ముందు మార్కండేయులు గారి గురించి చెప్పాలి.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మూడంతస్తుల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద ఆయన కొట్టు. లేచి నిలబడితే మెట్టు తలకి కొట్టుకుంటుంది, అందుకని ఎప్పుడూ కూర్చునే పని చేసేవారు. చుట్టూ గోడల నిండా జావా, ఒరాకిల్ కాగితాలు. వాటి మధ్య ఆయన చేత్తో రాసుకున్న అట్ట: 'ఎస్‌ఎంపీఎస్ రిపేరు చేయబడును'. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపల ఓ మూలనుండే చిన్న ఇనప పెట్టె. గోడ నుంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలకు కొలిచి పంచేది అదే.

ఆయనది సిరిసిల్ల. నేత పని సన్నగిల్లిపోయాక తొంభై నాలుగులో పెళ్ళాం పిల్లతో బల్కంపేటలో దిగారు. ఆ ఇన్‌స్టిట్యూట్ భవనంలోనే లిఫ్టు ఆపరేటరుగా చేరారు. పైఅంతస్తు వాళ్ళు చెడిపోయిన ఎస్‌ఎంపీఎస్‌లు చెత్తలో పారేస్తుంటే, ఇంటికి తీసుకెళ్ళి విప్పి చూసుకునేవారట. చదువు ఏడో తరగతి. చెప్పేవాడు లేడు. పేలినవి పేలగా, చెయ్యి చురుక్కుమన్నవి చురుక్కుమనగా, రెండేళ్ళకు విద్య పట్టుబడింది. లిఫ్టు ఉద్యోగం మానేసి మెట్ల కిందకి మారారు.

ఆయనకో నియమం ఉంది. ఆ వీధి మొత్తంలో అలాంటిది ఇంకెవరికీ లేదు. బాగుచేసినదైనా సరే, కొత్తదైనా సరే, ఎస్‌ఎంపీఎస్‌ని ముందు తన కంప్యూటర్‌కి తగిలించి గంటసేపు నడిపించాలి. ఆ తర్వాతే మన దానికి. "ముందు నా డబ్బా కాలాలె మేడం. నాది కాలకపోతెనే మీది ముట్టుకుంట" అనేవారు. మిగతా కొట్లవాళ్ళు మన మెషీన్ మీదే ప్రయోగం చేసి, పోతే "మీ బోర్డు ముందే వీక్ మేడం" అని చేతులు దులుపుకునేవాళ్ళు.

ఇక నా గొడవ. నా పేరు వసుమతి, మాది తణుకు. బంజారా హిల్స్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర ఎనిమిదేళ్ళు బొమ్మలు గీశాను. గీసింది నేను, కింద సంతకం ఆయనది. రెండువేల నాలుగులో ఒకరోజు ఒళ్ళు మండి మానేశాను. "ఆర్నెల్లలో తిరిగొస్తావులేమ్మా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరకాలనిపిస్తుంది.

పంజగుట్టలో మా ఇంట్లోనే బల్ల వేసుకున్నాను. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మెషీన్లు మారుస్తుంటే పాత వర్క్‌స్టేషన్ ఒకటి కొన్నాను. నల్లటి పెట్టె, సిమెంటు బస్తా అంత బరువు. ఇంకా కట్టని ఇంట్లో నడిచి తిరుగుతున్నట్టు తెర మీద చూపించే వాక్‌త్రూలు చేద్దామని నా ఆశ. ఒక బిల్డరు సరేనన్నాడు. తన మూడు బ్లాకుల అపార్ట్‌మెంటు సోమవారం పదకొండింటికి చూపించాలి. నచ్చితే పని నాది. లేకపోతే ఆ నవ్వినాయన ముందు చేతులు కట్టుకుని నిలబడటమే.

అందుకోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించాను. వేయించాక మెషీన్ బాగానే లేచేది. బొమ్మలో గేటు దాటి లాబీలోకి అడుగుపెట్టగానే టప్పుమని ఆరిపోయేది. పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే. గురువారం పొద్దున్నే ఆటోలో వేసుకుని మార్కండేయులు గారి దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన కాసేపు నడిపించి చూశారు. "కార్డు మంచిదే మేడం. దాని తిండి మస్తు ఎక్కువ. మీ పాత ఎస్‌ఎంపీఎస్ గంత వడ్డించలేకపోతున్నది. పెద్దది పెట్టాలె. శనివారం పొద్దుగూకేవరకు ఇస్త, ఫికర్ చెయ్యకుండ్రి."

శుక్రవారం జరిగింది నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది. అయినా మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నాలాగా మీరూ ఆయన్ని తిట్టుకోకూడదు కదా. ఎర్రగడ్డ పాతసామాన్ల కొట్లో నా మెషీన్ తయారుచేసిన కంపెనీదే పెద్ద ఎస్‌ఎంపీఎస్ ఒకటి ఆయనకు దొరికింది. తెచ్చి, నియమం ప్రకారం ముందు తన కంప్యూటర్‌కి తగిలించారు. స్విచ్ వేయగానే పొగ. ఆయన కంప్యూటర్ బోర్డూ పోయింది, తెచ్చిన ఎస్‌ఎంపీఎస్సూ పోయింది. ఎందుకా అని మీటరు పెట్టి చూస్తే సంగతి బయటపడింది. ఆ కంపెనీవాళ్ళ ప్లగ్గు చూడ్డానికి అచ్చం మామూలు ప్లగ్గే, బిగువుగా కూర్చుంటుంది కూడా. లోపల తీగల వరస మాత్రం వేరు. బజారులో దొరికే కొత్తది తెచ్చి నా మెషీన్‌కి పెట్టినా ఇదే గతి.

శనివారం సాయంత్రం వెళ్ళాను. నా మెషీన్ పొట్ట విప్పి పడుంది.

"ఏంటండీ ఇది? ఇవాళ ఇస్తానన్నారుగా!"

"ఇంకో రోజు కావాలె మేడం. గీ కంపెనీ ప్లగ్గు వేరే తీరుగ ఉన్నది. తీగలు మార్చి అతకాలె."

"వేరే ఏంటి? ఇదీ అదీ ఒకటేగా! కళ్ళు కనబడటం లేదా? ఎదురుగా దుర్గేష్ కొట్లో కొత్తది పెట్టి అరగంటలో ఇస్తానంటున్నాడు. చేతకాకపోతే చేతకాదని గురువారమే చెప్పాల్సింది. రెండు రోజులు నా కొంప ముంచారు!"

ఇంకా చాలా అన్నాను. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఊరికే అనలేదు.  నేను పెట్టె ఎత్తబోతే ఆయన దానిమీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచేశారు.

"రేపొక్కదినం నా మాట వినుండ్రి మేడం. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంట. గాడ మాత్రం పెట్టియ్యకుండ్రి."

వయసులో పెద్దాయన కాళ్ళ మాట ఎత్తేసరికి పెట్టె వదిలేశాను. "రేపు నేనిక్కడే కూర్చుంటాను" అని బెదిరించి వచ్చేశాను.

అన్నట్టే ఆదివారం పదింటికల్లా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. బోనాల రోజులు. బల్కంపేట వైపు నుంచి డప్పులు వినబడుతున్నాయి. ఆయన బజారులో కొన్న కొత్త ఎస్‌ఎంపీఎస్ ఒకటి ముందు పెట్టుకుని, కాలిపోయినదాని ప్లగ్గుని జానెడు తీగలతో సహా కోసి తీశారు. ఆ తీగలను కొత్తదాని తీగలకు ఒక్కొక్కటిగా అతకాలి. ఇరవై. ఒక తీగ అతకడం, మీటరు పెట్టడం, నా పాత ఎస్‌ఎంపీఎస్‌లో అదే రంధ్రంలో ఎంత వస్తోందో చూడటం, రెండూ కలిస్తేనే టేపు చుట్టడం.

"రంగులు చూసి గబగబా కలిపేయొచ్చుగా?" అన్నాను ఉండబట్టలేక.

"రంగును నమ్మొద్దు మేడం. మా అవ్వ కమలవ్వ అచ్చు అతుకుతుండె. మగ్గం మీద బట్ట అయిపోతె, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటి కలుపుడన్నట్టు. వెయ్యి, రెండు వేల పోగులుంటయి. ఒక్కటి పక్కదానికి పోయిందంటె బట్టంత ఆగం. చిన్నప్పుడు నాతోని సుత చేయించింది. తప్పు పోతె వీపు మీద ఒక్కటి పడుతుండె."

మధ్యాహ్నం వాళ్ళమ్మాయి నిరోష అన్నం గిన్నె పట్టుకొచ్చింది. ఇరవయ్యేళ్ళుంటాయి. పైఅంతస్తులో, కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ కోర్సు చేస్తోందట. గిన్నె పెట్టి, మూలనున్న ఖాళీ బల్ల వైపు చూసి, "నాయినా, నా కంప్యూటర్..." అంది.

"అన్నం చల్లగైతది, పెట్టు బిడ్డా" అన్నారాయన గట్టిగా.

ఆ పిల్ల గిన్నె మూత తీసింది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. గడియారం చూసుకుంటూ, "తొందరగా తినండి" అన్నాను. ఎంత పాపిష్టిదాన్నో చూడండి.

నాలుగున్నరకి ఇరవయ్యో తీగ అయింది. ప్లగ్గు నా మెషీన్‌కి పెట్టి స్విచ్ మీద వేలు పెట్టారు. నొక్కకుండా మూలనున్న ఖాళీ బల్ల వైపు చూశారు. కొట్టు పెట్టాక మొదటిసారి, ముందు తగిలించి చూడటానికి ఆయనకి తన డబ్బా లేదు.

"అటేం చూస్తున్నారండీ?"

"టైం ఎంతయిందో చూస్తున్న మేడం" అన్నారు. ఆ మూల గడియారమే లేదు.

స్విచ్ వేశారు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. నా వాక్‌త్రూ మొదలై గేటు దాటింది, లాబీలోకి వెళ్ళింది, ఆగలేదు. మెట్లెక్కింది, హాలు, వంటగది, బాల్కనీ అన్నీ తిరిగొచ్చింది. "అబ్బ!" అని నేను చప్పట్లు కొట్టాను. ఆయన గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నారు.

సోమవారం బిల్డరు బాల్కనీ దగ్గర ఆపించి, "ఇక్కడ తులసికోట పెట్టొచ్చామ్మా?" అని అడిగాడు. అంటే ఇల్లు ఆయనకి నిజమైపోయిందన్నమాట. మూడు బ్లాకులూ నాకే ఇచ్చాడు. కాగితం మీద నా సంతకం నేనే పెట్టాను.

మంగళవారం మిఠాయి డబ్బా పట్టుకుని అమీర్‌పేట వెళ్ళాను. మార్కండేయులు గారు ఏదో విప్పుకుంటున్నారు. పక్కన నిరోష నేల మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆటోక్యాడ్ కమాండ్లు ఎక్కాల్లా బట్టీపడుతోంది.

"అదేంటమ్మా, అవి కంప్యూటర్ మీద చేసి నేర్చుకోవాలి గానీ నోటికొస్తే ఏం లాభం?" అన్నాను పెద్ద తెలిసినదానిలా.

"మా కంప్యూటర్ కాలిపోయింది ఆంటీ. మీ దానికి తెచ్చిన ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూస్తె శుక్రవారం కాలింది. ల్యాబ్‌ల ఒక్క గంటనే ఇస్తరు. వచ్చే సోమవారం నాకు పరీక్ష."

మిఠాయి డబ్బా చేతిలోనే ఉండిపోయింది. శనివారం సందులో నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?"

ఆయన తల ఎత్తలేదు. "చెప్తె మీరు ఆగకపోతుంటిరి మేడం. 'నీదే కాల్చుకున్నవ్, నాదేం బాగుచేస్తవ్' అని డబ్బా ఎత్తుకొని దుర్గేష్ కాడికి పోతుంటిరి. ఆయన కొత్తది పెడుతుండె. గప్పుడు మీది సుత కాలుతుండె. ఎట్లైనా నాది కాలింది. మీదెందుకు కాలాలె?"

ఒక్క అక్షరం అబద్ధం లేదు. సరిగ్గా అలాగే చేసుండేదాన్ని. నా మెషీన్‌ని నా నుంచే కాపాడటానికి ఆ మనిషి నలుగురిలో నాచేత తిట్లు తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"నిరోషా, రేపట్నుంచి పంజగుట్ట మా ఇంటికి రా. పరీక్ష అయ్యేదాకా నా మెషీన్ నీదే. నేను పక్కన కూర్చుని నేర్పిస్తాను."

"వద్దు మేడం, మీకు పని ఉంటది" అన్నారాయన.

నిరోష మాత్రం వద్దనలేదు. పుస్తకం మూసి, తలొంచుకుని, మెల్లగా అంది. "మీరు తిడుతరు కదా ఆంటీ."

"ఏయ్ పిల్లా!" అని కంగారుపడ్డారు మార్కండేయులు గారు.

"ఉండండి, దాన్ని అననివ్వండి" అన్నాను. ముక్కు చీదుకుని ఆ పిల్ల ముందు నేల మీదే కూలబడ్డాను. "తిడతాను తల్లీ. తిట్టకుండా ఉండటం నాకు చేతకాదు. అయినా రా."